పాత కారు: తప్పిపోవు నిప్పురవ్వ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభ యనగా కవిపండితులు మాటలాడవలసిన సభ. వేములవాడ చాళుక్యుల రాజధానిగా నుండిన ఊరు. రెండవ అరికేసరి ఆశ్రయమున పంపకవి కావ్యరచన చేసినాడు. భీమకవి తన పేరులోనే ఈ ఊరి పేరును మోసికొని తిరిగినాడు. అట్టిచోట నిలువబడి మోటారుకారు ఇంజనును గూర్చి చెప్పబూనుట సాహసమే. కాని, తెలిసిన విషయమునే చెప్పవలసినదని కార్యవర్గమువారు కోరినారు. నాకు తెలిసినది ఇంతే. స్టీరింగు పట్టి బ్రదికినవాడను.

ఇంజను నాలుగు సిలిండరులతో సమముగా పలుకుచు పోవుచుండగా, ఉన్నట్లుండి ఒక దెబ్బ తప్పును. వెనుకనుండి ఎవరో పట్టి ఆపినట్లు బండి కుదుపు తినును. మరుక్షణమున ఏమియు జరుగనట్లే సాగిపోవును. దీనిని మన షెడ్డులలో 'మిస్సింగు' అందురు. ఎల్లవేళల తప్పుచుండు ఇంజనును బాగుచేయుట కష్టము కాదు. బోనెట్టు ఎత్తి, ఒక్కొక్క ప్లగ్గును విడిగా పరీక్షించి, ఏ సిలిండరు పని చేయుట లేదో అరగంటలో చెప్పవచ్చును. చిక్కంతయు అప్పుడప్పుడు తప్పు ఇంజనుతోనే. దారిలో తప్పును, షెడ్డులో తప్పదు. దినము విడిచి దినము వచ్చు చలిజ్వరమువంటిది. రోగి వైద్యునియొద్దకు చేరుసరికి ఒళ్లు చల్లగా నుండును. అట్టివేళ మంచి వైద్యుడు నాడి చూచి ఊరకుండడు. ఏ వేళకు వచ్చును, ఎంతసేపుండును, చలి ముందా చెమట ముందా అని యడుగును. నేను ఈ ప్రశ్నలడుగుట ఆలస్యముగా నేర్చుకొంటిని. ఆ ఆలస్యమునకు కొంత వెల చెల్లించితిని.

కథకు ముందు ఇంజను సంగతి కొంచెము చెప్పవలెను. పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: తగు పాళ్లలో కలిసిన గాలి, పెట్రోలు, వానిని నొక్కి పెట్టు బిగువు, సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ. బ్యాటరీలో నున్నది 12 వోల్టులే. ప్లగ్గు కొనవద్ద రవ్వ దూకవలెనన్న వేల వోల్టులు కావలెను. ఈ పెంపును కాయిలు చేయును. అందులో దళసరి తీగ చుట్ట యొకటి, దానికంటె ఎన్నో రెట్లు చుట్లు గల సన్నతీగ చుట్ట యొకటి యుండును. డిస్ట్రిబ్యూటరులోని రెండు చిన్న పాయింట్లు కలిసియున్నంతసేపు దళసరి చుట్టలో విద్యుత్తు ప్రవహించును. అవి విడిపోగానే ప్రవాహము తటాలున తెగి, సన్నచుట్టలో వేల వోల్టులు పుట్టును. పాయింట్లు మాడిపోకుండ, ప్రవాహము చప్పున తెగునట్లు చూచునది కండెన్సరు. అంబాసిడరు ఇంజనుకు పాయింట్ల ఎడము అంగుళములో వేయింట సుమారు 15 వంతులు, ప్లగ్గు కొనల ఎడము వేయింట 25 వంతులు పెట్టుదురు. ఈ పద్ధతిని 1910 ప్రాంతమున అమెరికాలో కాడిలాక్ కార్లకు అమర్చినవాడు చార్లెస్ కెటరింగు. రైతుబిడ్డ. కొంతకాలము పల్లెబడిలో పంతులుగా నుండినవాడు.

నిమిషమునకు 2,400 చుట్లు తిరుగు నాలుగు సిలిండరుల ఇంజనులో నిమిషమునకు 4,800 నిప్పురవ్వలు పడవలెను. అనగా సెకనుకు 80. వానిలో నాలుగైదు తప్పినను వెనుక సీటులోని ముసలమ్మ నడుము ముందుగా కనిపెట్టును.

ఇక కథ. 2003లో నాయొద్ద 1978 నాటి పెట్రోలు అంబాసిడరు ఉండెడిది. ఆ కార్లు బెంగాలులోని ఉత్తరపాడలో 1950ల చివరనుండి 2014 వరకు తయారైనవి. నేను ఆ బండిని నడుపువాడను మాత్రమే కాను, దాని అప్పు తీర్చువాడను కూడ. రాజన్న దర్శనమునకు వచ్చిన యాత్రికులను కరీంనగరునుండి తెచ్చుట, మ్రొక్కులు తీరిన పిదప కొండగట్టు అంజన్నయొద్దకు కొనిపోవుట నా బేరము. శివరాత్రి జాతర గడచిన కొలది దినములకే ఈ మిస్సింగు పట్టుకొన్నది.

మొదట ప్లగ్గులు నాలుగును మార్పించితిని. ఒక దినము బాగుగా నడచినది. మరల వచ్చినది. కాయిలు మార్పించితిని. రెండు దినములు బాగుగా నున్నది. మరల వచ్చినది. పాయింట్లు, కండెన్సరు మారినవి. కార్బురేటరు విప్పి జెట్లు ఊదించినారు. ఇచ్చట ఒక మోసము కలదు. దానంతట అది పోయి, దానంతట అది వచ్చు జబ్బునకు ఏ మందు వేసినను ఒకటి రెండు దినములు పని చేసినట్లే తోచును. తాటిపండు రాలిన క్షణమున కాకి వ్రాలినట్లు, బండి సుఖపడిన దినమున మనము ఒక సామాను మార్చియుందుము. అంతమాత్రమున ఆ సామాను జబ్బునకు కారణము కాదు, మందు కాదు. నేను ఆరువారములు ఆ కాకినే నమ్మి డబ్బు పోసితిని.

అట్టి దినములలో ఒక రాత్రి ప్రక్క పల్లెనుండి నొప్పులు పడుచున్న ఒక కోడలిని కరీంనగరు ఆస్పత్రికి చేర్చవలసి వచ్చినది. అప్పటికి 108 వాహనములు లేవు; ఆ సేవ మన రాష్ట్రమున 2005లో మొదలైనది. నాంపల్లి గుట్ట దాటగానే బండి కుదుపులు మొదలైనవి. ఒక్కొక్క కుదుపునకు ఆ పిల్ల అరచుచున్నది. అత్తగారు నా భుజము పట్టి, "కొడుకా, బండి ఆపకు, నీకు దండం పెడుత" అన్నది. నేను ఆపలేదు, బండియే ఆగునేమో యని రేసుమీదనుండి కాలు తీయుటకు భయపడితిని. సుమారు 35 కిలోమీటర్ల దారికి గంటన్నర దాటినది. చేరితిమి. తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడినారు. నేను మాత్రము తెల్లవారువరకు ఆస్పత్రి మెట్లమీద కూర్చుండి, రేపు ఈ బండిలో మరియొకరిని ఎక్కించుకొనవచ్చునా యని ఆలోచించితిని. అమ్మివేయుదమా యన్న, లోపము చెప్పి అమ్మినచో కొనువాడు లేడు. చెప్పక అమ్మినచో ఈ రాత్రియే ఇంకొక డ్రైవరుకు వచ్చును.

మరునాడు ఒక నోటుపుస్తకము కొని గళ్లు గీసితిని. బండి తప్పిన ప్రతిసారి వేళ, ఎండయా వానయా, ఇంజను చల్లగా నున్నదా కాగినదా, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఎక్కినవారెందరు, వేగమెంత, రేసుమీద నా కాలు ఎంత త్రొక్కియున్నది అని వ్రాయుట మొదలిడితిని. ఈ చివరి గడిని ఊరక, చోటు మిగిలినదని గీసితిని. పదునైదు దినములు ఏ సామాను మార్చలేదు, ఏ స్క్రూ త్రిప్పలేదు. ఇది అన్నింటికంటె కష్టమైన పని. చేతిలో పానా ఉన్నవానికి ఊరకుండుట ఎంత కష్టమో మెకానికులే చెప్పవలెను.

పుస్తకము నిండుచున్నకొలది ఒక్కొక్క అనుమానము రాలిపోవ సాగినది. ఎండలోను తప్పినది, చల్లని వేకువలోను తప్పినది. వేడిచే చెడు కాయిలు, కండెన్సరులమీది అనుమానము సగము పోయినది. ట్యాంకు నిండుగా నున్నప్పుడును, అడుగంటినప్పుడును తప్పినది. పెట్రోలు అడుగున చేరిన నలుసుల మాటయు తగ్గినది. అటుపిమ్మట ఒక దినము అయిదుగురు యాత్రికులను, వారి మూటలను ఎక్కించుకొని కొండగట్టు ఘాటు ఎక్కితిని. రెండవ గేరులో, రేసు పూర్తిగా త్రొక్కి ఎక్కితిని. ఒక్కసారియు తప్పలేదు! దిగి వచ్చి సమతలపు రోడ్డుమీద కాలు సడలించి తేలికగా పోవుచుండగా మూడుసార్లు తప్పినది.

ఆ రాత్రి చిమ్నీ దీపము ముందర ఆ రెండు వరుసలనే చూచుచు కూర్చుంటిని. అందరును చెప్పినది దీనికి విరుద్ధము. బరువు లాగునప్పుడు సిలిండరులో మిశ్రమము నిండుగా చేరి, బిగువు హెచ్చును. బిగువులో నిప్పురవ్వ దూకుటకు ఎక్కువ వోల్టులు కావలెను. కావున ప్లగ్గు, కాయిలు, దళసరి రబ్బరు తీగలు బలహీనమైనచో బండి కొండమీదనే తప్పవలెను. పెట్రోలు సరిగా అందకున్నను కొండమీదనే తప్పవలెను. నా బండి కొండమీద రాయివలె నున్నది, చదునుమీద జారినది. అనగా నేను డబ్బు పోసి మార్పించిన సామానులన్నియు నిరపరాధులు.

అయినచో కాలు సడలినప్పుడు మాత్రమే కదలునది, కొండమీద కదలనిది, షెడ్డులో బండి నిలిచి స్లోలో నడచునప్పుడును కదలనిది ఏమున్నది? ఈ ప్రశ్నకు జవాబు ఈ గ్రంథాలయపు బీరువాలోనే దొరికినది. అట్టలు ఊడిన ఒక ఇంగ్లీషు మోటారు పుస్తకము. నాకు ఇంగ్లీషు అక్షరములవరకే వచ్చును. గ్రంథపాలకులు సాయంత్రము తలుపులు మూయు వేళ దాటినను కూర్చుండి, ఒక్కొక్క బొమ్మక్రింది మాటలను తెలుగు చేసి చెప్పినారు.

పాయింట్లు బిగించియున్న పళ్లెము స్థిరమైనది కాదు. డిస్ట్రిబ్యూటరు ప్రక్కన ఒక చిన్న గుండ్రని డబ్బా ఉండును. అందులో పలుచని పొర. అచ్చటినుండి ఒక సన్నని గొట్టము కార్బురేటరునకు పోవును. బండి సగము రేసుమీద తేలికగా పోవునపుడు కార్బురేటరులోని పీల్పు ఆ పొరను లాగును. పొర పళ్లెమును కొంచెము త్రిప్పును. నిప్పురవ్వ కొంచెము ముందుగా పడును. పెట్రోలు ఆదా యగుటకు చేసిన ఏర్పాటిది. రేసు పూర్తిగా త్రొక్కినప్పుడు పీల్పు తగ్గి పళ్లెము తన చోటికి వచ్చును. స్లోలో నున్నప్పుడు ఆ గొట్టములో పీల్పు ఇంచుమించు లేనే లేదు. నా నోటుపుస్తకములోని చివరి గడి చెప్పుచున్నది ఇదియే.

మరునాడు ఆ గొట్టమును కార్బురేటరువద్ద ఊడదీసి, గాలి దూరకుండ కార్బురేటరు రంధ్రమును మూసితిని. మూడు దినములు నడిపితిని. పెట్రోలు కొంచెము ఎక్కువ త్రాగినది గాని ఒక్కసారియు తప్పలేదు. కాకి సంగతి మరువలేదు గనుక నాలుగవ దినమున గొట్టమును మరల తగిలించితిని. చీకటి పడులోపల తిరిగి తప్పినది. అప్పుడు ఇంటిముందర బండిని స్లోలో నడపుచు, రంధ్రమును మరల మూసి, గొట్టపు కొనను తుడిచి నోట పెట్టుకొని పీల్చితిని. ఆరోగ్యముగల ఇంజను అట్లు పీల్చినప్పుడు కొంచెము వేగము హెచ్చవలెను. నా ఇంజను దగ్గి, తడబడి, ఆగిపోయినది. మరల నడిపి మరల పీల్చితిని. మరల ఆగినది. వీధిలోని పిల్లలు నేను కారుకు హుక్కా త్రాగుచున్నానని నవ్విరి. ఏడెనిమిది వారములుగా దారిలో మాత్రమే కనబడిన దొంగ, పిలిచినప్పుడెల్ల గుమ్మములోనికి వచ్చుచున్నాడు!

మూత తీసి చూచితిని. డిస్ట్రిబ్యూటరు గోడనుండి పాయింట్లవరకు జానెడైన లేని ఒక మెత్తని తీగ పోవుచుండును. పళ్లెము తిరిగినప్పుడెల్ల ఆ తీగ వంగును. పైతొడుగు చెక్కుచెదరలేదు. లోపలి రాగిపోగులు మాత్రము సంవత్సరముల వంపునకు తెగి, కొన కొన ఆనుకొని యున్నవి. పళ్లెము తన చోట నున్నంతసేపు కొనలు తగులును, తిరిగినప్పుడు విడిపోవును. మెకానికులు ఎన్నిమార్లు మూత తీసి చూచినను ఆ తీగ నిమ్మళముగానే యుండెను. వారిని తప్పుపట్టుటకు లేదు. కొత్త తీగ వెల ఆనాడు నేను త్రాగిన రెండు టీలకంటె ఎక్కువ కాదు. ఒక్క హెచ్చరిక: అచ్చట అనేకములైన సన్నపోగులు గల మెత్తని తీగయే వేయవలెను. ఇంటి గోడలకు వేయు బిరుసుతీగ ముక్క వేసినచో కొలది దినములలోనే విరుగును.

మీ బండి జబ్బు ఇదియే యని నేను చెప్పుట లేదు. మీ పుస్తకము వేరొక మాట చెప్పవచ్చును. వానలో గాని, మంచు కురిసిన వేకువలో గాని తప్పుచున్నచో డిస్ట్రిబ్యూటరు మూతను చూడుడు. లోపలివైపున వెంట్రుకవంటి నల్లని గీత యున్నచో విద్యుత్తు ఆ దారిన ప్రాకి పోవుచున్నదన్నమాట. తుడిచిన కొంతకాలము నడచును గాని మూత మార్చుటయే మేలు. అమావాస్య చీకటిలో బోనెట్టు ఎత్తి, నడచుచున్న ఇంజను రబ్బరుతీగలను దూరమునుండి చూచినచో, తొడుగు పగిలినచోట నీలపు మిణుగురులు కనబడును.

అరగంట నడచిన పిదప మెల్లమెల్లగా ఊపిరి చాలక నీరసించి, పది నిమిషములాగిన మరల లేచి నడచు బండి కథ వేరు. నిప్పురవ్వ తప్పినప్పుడు కత్తితో కోసినట్లు ఒక్కసారిగా తెగును. పెట్రోలు చాలనప్పుడు ఆకలిగొన్న ఎద్దువలె క్రమముగా చతికిలబడును. ఈ భేదమును నడుముతోనే గుర్తింపవచ్చును. అట్టి నీరసము వచ్చినప్పుడు మొదట పెట్రోలు ట్యాంకు మూతను సడలింపుడు. 'స్స్' మని గాలి లోనికి పోయి, బండి చక్కబడినచో మూతలోని గాలిరంధ్రము పూడినదన్నమాట. ఒక సూదితో పోవు జబ్బు. మే నెల ఎండలలో పంపులోనో గొట్టములోనో పెట్రోలు ఆవిరియై అడ్డుపడుటయు కలదు. తడిగుడ్డ వేసిన దిగివచ్చును.

గతుకులమీద మాత్రమే తప్పుచున్నచో తాళపుచెవి స్విచ్చిని, బ్యాటరీ తీగల బిగింపును అనుమానింపుడు. కాయిలునకు స్విచ్చినుండి వచ్చు తీగకు ఒక చిన్న 12 వోల్టుల బల్బు తగిలించి, దానిని డ్రైవరు ముందర కట్టి నడుపుడు. ఇంజను తప్పిన క్షణముననే బల్బు కూడ రెప్ప వేసినచో లోపము కాయిలునకు వెనుకనున్నది. బల్బు వెలుగుచుండగా ఇంజను తప్పినచో కాయిలునుండి ముందుకు వెదకవలెను. ఇంత చౌక యైన సాక్షి వేరొకటి లేదు.

వాల్వు పట్టుట, గాస్కెట్టు కాలుట మొదలగునవి కూడ కలవు. అవి కొలది దినములలోనే ముదిరి తమంత తాము బయటపడును గనుక విడిచిపెట్టుచున్నాను.

ఇప్పటికిని పాత అంబాసిడరులు, పద్మినులు ఇంటిముందర నిలుపుకొన్నవారికి ఒక మాట. అవి పుట్టిననాటి పెట్రోలు నేడు లేదు. 2000 ఫిబ్రవరినుండి దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. 2025 నాటికి అందులో నూటికి 20 వంతుల ఇథనాలు కలియుట వచ్చినది. ఇథనాలు తేమను పీల్చుకొనును. పాత రబ్బరు గొట్టములను, పంపు పొరలను మెత్తబరచును. బండి నెలలతరబడి కదలక యున్నచో ట్యాంకు అడుగున నీరు చేరుట కలదు. కావున పెట్రోలు గొట్టములను ముందుగా మార్పించుకొని, ట్యాంకులోని పెట్రోలును నిలువ ఉంచకుండ నడుపుచుండవలెను. మెత్తబడిన గొట్టమునుండి కారు పెట్రోలు మిస్సింగుతో ఆగదు, అగ్నిప్రమాదమునకు దారితీయును.

నేటి కొత్త కార్లలో కంప్యూటరు ఏ సిలిండరు ఎన్నిమార్లు తప్పినదో వ్రాసి పెట్టును. నా నోటుపుస్తకపు పని అదియే చేయుచున్నది. ఏ సిలిండరో చెప్పును గాని ఏల తప్పినదో చెప్పదు. ఆ వెదకుట మనుష్యునికే మిగిలినది. అట్టి కార్లలో నడచుచున్న ఇంజనునుండి ప్లగ్గు తీగలు ఊడబెరుకరాదు. కంప్యూటరు పెట్టెలు చెడును. పాత కార్లలోనైనను ఒట్టిచేతితో ఆ తీగలను పట్టరాదు. భుజముమీద కండువాతో నడచుచున్న ఫ్యానుమీదికి వంగరాదు. నవ్వుచున్నారు గాని, ఫ్యాను లాగికొనిన కండువాలను నేను చూచియున్నాను.

ఆ అంబాసిడరును తరువాత పదేండ్లు నడిపి, లోపమేమియు దాచకుండ అమ్మితిని. తెగిన ఆ తీగముక్కను మాత్రము ఇవ్వలేదు. ఈ బల్లమీద నోటుపుస్తకము ప్రక్కన, ఒక బ్యాటరీకి, ఒక చిన్న బల్బుకు కలిపి ఉంచితిని. సభ ముగిసిన పిదప పిల్లలు వరుసగా వచ్చి ఆ తీగను వ్రేళ్లతో వంచి చూడవచ్చును. చక్కగా నున్నప్పుడు బల్బు వెలుగును. కొంచెము వంచగానే ఆరిపోవును. విడువగానే మరల వెలుగును.